మధ్యయుగ యూరప్‌లో రైతు బతుకు ఎలా ఉండేది? మా నాన్నతో చూసిన గట్లు లేని ఊరు

"మధ్యయుగ యూరప్‌లో మామూలు జనం బతుకు సినిమాల్లో చూపించినట్టు అంతా బురద, రోగాలు, ఆకలేనా?" అని అడిగారు. యూరప్ అంటే పెద్ద మాట. ఇంగ్లండులో నేను తిరిగిన ఒక్క ఊరి నుంచి చెబుతాను.

నేను ఉద్యోగం చేసే నాటింగ్‌హామ్ నుంచి కారులో గంటలోపే లాక్స్‌టన్ అనే పల్లె వస్తుంది. అప్పటి సాగు పద్ధతి ఇంకా బతికున్న బహుకొద్ది ఊళ్ళలో అదొకటి. తెనాలి వైపు నలభై ఏళ్ళు వరి పండించిన మా నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు, ఒక సెప్టెంబరులో తీసుకెళ్ళాను. కారు దిగి అటూ ఇటూ చూసి ఆయన అడిగిన మొదటి మాట, "గట్లేవిరా?"

గట్లుండవు. ఊరి చుట్టూ మూడు పెద్ద పొలాలు, వాటిలో పొడుగాటి చెక్కలు. ప్రతి రైతుకూ మూడింట్లోనూ అక్కడో చెక్క, ఇక్కడో చెక్క. ఒక పొలంలో చలికాలానికి ముందే గోధుమ చల్లేవాళ్ళు, రెండోదాంట్లో చలి తగ్గాక బార్లీ, బఠాణీ. మూడోది బీడు. మరుసటేడు వరస మారుతుంది. బీట్లోనూ, కోత అయిన పొలంలోనూ ఊరి మంద అంతా కలిసి మేసేది, దాని పేడే ఎరువు. కాబట్టి నా చెక్కలో నాకిష్టమైంది, నాకిష్టమైనప్పుడు వేస్తానంటే కుదరదు. అందరూ కోసేశాక నీ పైరొక్కటే నిలబడితే మంద దాన్ని మిగల్చదు.

ఆ చెక్కలు అంత పొడుగెందుకని నాన్నకు అనుమానం. అప్పటి బరువు నాగలికి ఎనిమిది ఎద్దుల దాకా కట్టేవాళ్ళు. అంత జట్టును మాటిమాటికీ మళ్ళించడం నరకం, అందుకని ఒక చాలు పట్టుకుంటే వీలైనంత దూరం పోవడమే. ఆ చాలు పొడుగే ఫర్లాంగు, 220 గజాలు. చెక్క వెడల్పు 22 గజాలు. నాన్న వేళ్ళ మీద లెక్కేసుకుని ఆగిపోయాడు. "4840! ఎకరమే కదరా ఇది!" జీవితమంతా ఎకరాలు కొలిచిన మనిషికి ఆ అంకె ఎద్దుల నడకలోంచి పుట్టిందని అక్కడే తెలిసింది. (ఇప్పుడు లాక్స్‌టన్‌లో చెక్కలు అంత సన్నగా లేవు. 20వ శతాబ్దం మొదట్లో కలిపి పెద్దవి చేశారు.)

ఇక దొర సంగతి. చాలామంది రైతులు విలన్లు. అవును, మన సినిమా విలనే. ఆ మాటకు మొదట పల్లెటూరి మనిషి అని అర్థం. పొలం వదిలి పోవడానికి లేదు, వారానికి రెండు మూడు రోజులు దొర పొలంలో వెట్టి. కూతురి పెళ్ళికి రుసుము, రైతు చచ్చిపోతే ఇంట్లో ఉన్నవాటిలో మంచి పశువు దొరకు. పిండి ఆయన మరలోనే ఆడించుకోవాలి, దానికో వాటా. చర్చికి దశమభాగం సరేసరి.

పండేదెంత? గోధుమ బస్తా చల్లితే మూడు, మహా అయితే నాలుగు బస్తాలు. అందులో ఒకటి మళ్ళీ విత్తనానికే. పాతిక కిలోలు చల్లి ముప్పై బస్తాలు చూసిన నాన్న ఇది నమ్మలేదు, నన్ను రెండుసార్లు అడిగాడు. ఇంత సన్నటి లెక్కలో ఒక్క ఏడు తప్పినా కొంప మునిగినట్టే. 1315 నుంచి వానలు వదలకుండా కురిసి పైర్లు కుళ్ళితే ఉత్తర యూరప్ అంతా కరువుతో అల్లాడింది. 1348లో ప్లేగు వచ్చి ఇంగ్లండులో మూడోవంతుకు పైగా జనాన్ని తీసుకుపోయింది. కూలీలు దొరక్క రేట్లు పెరిగితే, పెరక్కూడదని 1351లో చట్టమే చేశారు. 1381లో రైతులు లండన్ మీదికి పోవడానికి ఉన్న కారణాల్లో ఆ కడుపుమంట ఒకటి.

అంటే సినిమాల్లో చూపించే ఆకలి అబద్ధం కాదు. అబద్ధమల్లా రైతును నోరులేనివాడిగా చూపించడం. ఎప్పుడు విత్తాలి, మందను ఎప్పుడు వదలాలి, పక్కవాడి చెక్కలోకి నాగలి పోనిచ్చినవాడికి ఎంత జరిమానా, ఇవన్నీ ఊరి కోర్టులో రైతులే కూర్చుని తేల్చుకునేవాళ్ళు. కోర్టు దొరదే, కానీ పొలం చూసొచ్చి తప్పు చెప్పేది తోటి రైతులు. లాక్స్‌టన్‌లో ఆ కోర్టు ఇప్పటికీ ఉంది. ఏటా చలికాలం మొదట్లో జ్యూరీ రైతులు గోధుమ పొలం తిరిగి, హద్దు జరిగినచోట కొయ్యలు పాతుతారు. తర్వాత ఊళ్ళోని పబ్బులో కూర్చుని జరిమానాలు వేస్తారు.

ఈ మాట విన్నాక నాన్న చాలాసేపు మాట్లాడలేదు. మా పక్క పొలం రైతు ఏడాదికో చాలు చొప్పున గట్టు తిన్నాడు. దాన్ని కొలిపించడానికి ఆయన రెండేళ్ళు తిరిగాడు. ఇప్పుడు నవంబరు చివర ఫోన్ చేస్తే, చలెలా ఉందని కూడా అడగడు. "ఆ ఊళ్ళో ఈసారి ఎవరికి పడిందిరా జరిమానా?"