రేటు 300 అయ్యేదాకా ఆగమంటారా అన్నా?

ప్రశ్న: అన్నా, నేను కువైట్ వచ్చి ఎనిమిది నెలలైంది. ఖాదిం వీసా (ఇంటి పనివాళ్ల వీసా), ఇంటి డ్రైవర్‌ని. 500 దినార్లు కూడబెట్టాను. వీసా కోసం ఊళ్లో చేసిన అప్పు ఇంకా ఉంది, రెండు రూపాయల వడ్డీ. దినారు 290 రూపాయలు దాటింది. 300 అవుతుంది, ఆగు అని రూమ్‌లో అందరూ అంటున్నారు. పంపనా, ఆగనా? (రాయచోటి తమ్ముడు)

తమ్ముడూ, నీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది, ఏమనుకోకు. 2002లో మా రూమ్‌లోనూ ఇదే మాట. అంకె ఒక్కటే వేరు: అప్పుడు '200 అవుతుంది' అనేవాళ్లు.

నేను వచ్చింది 1999లో. నీలాగే ఇంటి డ్రైవర్‌ని, జీతం 60 దినార్లు. వీసాకు మా నాన్న 60,000 అప్పు తెచ్చాడు, అదీ రెండు రూపాయల వడ్డీయే. అంటే నెల తిరిగేసరికి 1,200. నా జీతంలో దాదాపు ఎనిమిది దినార్లు వడ్డీకే పోయేవి. 2002 నడిమికి దినారు 160 దాకా ఎక్కింది. నా పెట్టెలో అప్పటికి 400 దినార్లున్నాయి. లెక్క వేసుకో, 64,000. ఒక శుక్రవారం మాలియాకు (కువైట్ సిటీలో డబ్బు పంపే ఎక్స్ఛేంజిలుండే చోటు) పోయి డీడీ తీసి రిజిస్టరు పోస్టులో వేసుంటే అప్పు మొత్తం తీరి, నాన్న చేతిలో 4,000 మిగిలేది.

నేను వెయ్యలేదు. 200 అవుతుందన్నారుగా! పైగా అలా అన్నవాడు కంపెనీలో లెక్కలు రాసే మనిషి, ఇంగ్లీషు పేపరు చదివేవాడు. డ్రైవరుకు ఆ మాత్రం ఉంటే చాలదూ, నమ్మడానికి?

రూపాయి బలపడుతూ వచ్చింది. దినారు 155 అయింది, 150 అయింది. తగ్గినకొద్దీ 'మళ్లీ ఎక్కుతుందిలే' అని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. 2004 వేసవి మొదలయ్యేసరికి 148కి అటూ ఇటూ ఉంది. మా చెల్లెలి పెళ్లి కుదిరింది, ఇక పంపక తప్పలేదు. అవే 400 దినార్లకు 59,200 వచ్చింది. రేటులో పోయింది 4,800 అంతే కదా అంటావేమో. ఆ 22 నెలలూ కట్టిన వడ్డీ 26,400. రెండూ కలిపితే 31,200, నా మూడున్నర నెలల జీతం. ఎండలో బండి కడిగిన మూడున్నర నెలలు! ఇప్పటికీ ఎక్స్ఛేంజి ముందు నుంచి పోతే ఆ లెక్కే గుర్తొస్తుంది.

సరే, బుద్ధొచ్చిందా? రాలేదు. 2013 ఆగస్టులో డాలరు 68 దాటింది, దాంతో దినారు 240 తాకింది. మాలియాలో ఎక్స్ఛేంజిల ముందు లైన్లు రోడ్డెక్కాయి. అప్పటికి నేను షూన్ వీసాకు (కంపెనీల్లో పనిచేసేవాళ్ల వీసా) మారి షోరూమ్‌లో పని చేస్తున్నాను, కాస్త తెలివి వచ్చిందన్న ధీమా కూడా ఉంది. 1000 దినార్ల చిట్టీ నడుస్తోంది. ఈ రేటు మళ్లీ రాదని ఆత్రపడి 150 నష్టానికి పాడేశాను. చేతికొచ్చింది 850. పంపే రోజుకు రేటు 235, ఊళ్లో రెండు లక్షలకు కొంచెం తక్కువ ముట్టింది. డిసెంబరులో నా వంతు వచ్చేదాకా ఆగుంటే రేటు 219 దగ్గరే ఉన్నా నిండు వెయ్యి దినార్లకు 2,19,000 వచ్చేది. మంచి రేటుకు పంపి కూడా నష్టపోయిన మొనగాడిని చూశావా ఎక్కడైనా?

మీరైతే గంటకోసారి ఫోన్‌లో రేటు చూసుకుంటారు. చూస్తే చూశారు గానీ, కదిలేదేమిటో తెలుసుకోండి. దినారు విలువను 2003 నుంచి డాలరుకు ముడివేశారు, 2007 మే నుంచి కొన్ని దేశాల కరెన్సీలు కలిపిన బుట్టకు ముడివేశారు. అది పెద్దగా ఊగదు. ఊగేది మన రూపాయి. అందుకే ఇక్కడ కూర్చుని కువైట్ వార్తలు విని రేటు చెప్పే జ్యోతిష్యులను నమ్మొద్దు.

ఒకప్పుడు ఈ ఊగిసలాటే లేదు, ఎందుకంటే కువైట్‌లో నడిచింది మన రూపాయే. బంగారం దొంగరవాణా ఆపడానికి 1959లో రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం వేరే రూపాయి నోట్లు వేసింది. 1961లో కువైట్ సొంత దినారు తెచ్చుకుంది, ఒక దినారుకు 13 రూపాయల చిల్లర. 1966 జూన్‌లో మనవాళ్లు రూపాయి విలువ తగ్గించేసరికి అదే దినారు 21 అయింది. ఆ రోజుల్లో 13 దగ్గర పంపినవాడు ఎంత ఏడ్చుంటాడో! కానీ వాడు కొన్న పొలం ధర ఇప్పుడెంతో నువ్వే ఆలోచించు.

దినారు గట్టిదే కదా, నోట్లు పెట్టెలో ఉంటే ఏమవుతుందిలే అనీ అనుకోకు. నేను వచ్చినప్పుడు మా రూమ్‌లో రాజంపేట పెద్దాయన ఒకాయన ఉండేవాడు. 1990 ఆగస్టులో ఇరాక్ దాడి జరిగినప్పుడు జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా విమానమెక్కి ఇండియాకు వచ్చిన లక్షన్నర పైచిలుకు మందిలో ఆయనా ఉన్నాడు. ఇరాక్ వాళ్లు కువైట్ దినారును తమ దినారుతో సమానం అన్నారు, తర్వాత చెల్లదన్నారు. నడుముకు కట్టుకున్న నోట్లు దారిలో ఎవడూ సరైన ధరకు తీసుకోలేదట. ఆ యుద్ధంతో చమురు ధర పెరిగి, మనవాళ్లు పంపే డబ్బు ఆగి, 1991 జూలైలో రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించాల్సి వచ్చింది. పెద్దాయన మాత్రం మళ్లీ కువైట్‌కు తిరిగొచ్చాక ఒక్క దినారు కూడా గదిలో ఉంచుకోలేదు. నేను వింతగా చూసేవాణ్ణి.

విదేశాల్లో ఉండేవాళ్ల కోసం ఉండే ఎన్ఆర్ఈ ఖాతా, ఎన్ఆర్ఓ ఖాతా సంగతి నీ బ్యాంకులో అడిగితే చెప్తారు. హవాలా (బ్యాంకు లేకుండా చట్టవిరుద్ధంగా డబ్బు పంపడం) జోలికి పోవద్దు, దినారుకు రెండు రూపాయలు ఎక్కువిస్తామన్నా సరే. ఎక్స్ఛేంజిలో రేటు ఒక్కటే చూడకు, కమిషన్ పోగా ఊళ్లో ఎంత పడుతుందో అడుగు.

ఇక నీ 500 దినార్లు. 290 చొప్పున 1,45,000. దాని మీద రెండు రూపాయల వడ్డీ నెలకు 2,900. రేటు నిజంగా 300 అయితే నీకు ఎక్కువ వచ్చేది 5,000. రెండు నెలల్లో కాకపోతే అది వడ్డీలోనే కొట్టుకుపోతుంది. నీ రూమ్‌లో వాళ్లకు అప్పు లేదేమో, వాళ్లు ఆగగలరు. ఈ శుక్రవారమే పంపేసి, అప్పిచ్చినవాడి దగ్గర ప్రోనోటు మీద జమ రాయించమని మీ నాన్నకు ఫోన్ చేసి చెప్పు.