ఆయుధ సాయానికి చట్టసభ షరతు పెడితే మిత్రదేశం వెనక్కి తగ్గుతుందా?

టర్కీ, గ్రీసు రెండూ నాటో మిత్రులే కదా, గ్రీకులు, టర్కులు ఉండే సైప్రస్ ద్వీపం గొడవలో అమెరికా కాంగ్రెస్ (చట్టసభ) టర్కీకి ఆయుధాలు ఆపడం వల్ల ఒరిగిందేమిటని ఒకరు నన్ను అడిగారు. చదువు కోసం నేను సైప్రస్‌లోని లార్నకాలో రెండేళ్లు ఉన్నాను. మా ఇంటి యజమానురాలు 1974లో టర్కీ సేన రావడంతో, ద్వీపం తూర్పు తీరాన ఉన్న ఫమగుస్తా నుంచి కట్టుబట్టలతో వచ్చేసిన మనిషి. ఒక ఆదివారం నన్ను ఫమగుస్తా పక్కనున్న దెరీనియా ఊరికి తీసుకెళ్లారు. అక్కడి మేడ మీద నుంచి చూస్తే ముళ్లకంచె అవతల ఫమగుస్తాలోని వరోషా పేట హోటళ్లు, కిటికీలు ఊడిపోయి బోసిగా కనిపిస్తాయి. ‘ఎడమ నుంచి నాలుగోది, దాని వెనకే మా వీధి’ అని చెప్పి బైనాక్యులర్ నా చేతికిచ్చారు. తాను మాత్రం చూడలేదు. ‘వాళ్లను ఆపడానికి చట్టమే లేదా?’ అన్నారు. నేను ఈ చరిత్ర చదవడం ఆ ప్రశ్నతోనే మొదలైంది.

చట్టం ఉంది. అమెరికా ఇచ్చిన ఆయుధాలను ఆత్మరక్షణ వంటి కొన్ని అవసరాలకే వాడాలని 1961 నాటి విదేశీ సహాయ చట్టంలోనే ఉంది. గ్రీసు సైనిక పాలకుల అండతో 1974 జూలై 15న సైప్రస్‌లో ప్రభుత్వాన్ని కూలదోసే కుట్ర జరిగింది. 20న టర్కీ సేనను దింపింది. ఆగస్టు 14న మళ్లీ కదిలి, ద్వీపంలో మూడో వంతుకు పైగా పట్టుకుంది. ఫమగుస్తా పోయింది ఆ రెండో విడతలోనే. మధ్యలో మూడు వారాలకు పైగా సమయం ఉన్నా అమెరికా ప్రభుత్వం సాయం ఆపలేదు. ఆ తర్వాత కాంగ్రెస్ పట్టుబట్టింది, అధ్యక్షుడు ఫోర్డ్ రెండుసార్లు వీటో చేశారు (తిరస్కరించారు), చివరికి నిషేధం 1975 ఫిబ్రవరి 5న అమల్లోకి వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. ఎనిమిది రోజులకే ఉత్తరాన టర్కిష్ సైప్రియట్లు వేరు రాష్ట్రం ప్రకటించుకున్నారు. జూలైలో టర్కీ తన గడ్డపై ఉన్న అమెరికా స్థావరాల పని ఆపించింది. సొంత ఆయుధ పరిశ్రమపై దృష్టి పెట్టి, అదే ఏడాది అసెల్సాన్ అనే రక్షణ ఎలక్ట్రానిక్స్ సంస్థను స్థాపించింది. 1978 ఆగస్టులో ప్రతినిధుల సభ 208-205 ఓట్లతో నిషేధం ఎత్తివేతకు ఒప్పుకుంది. టర్కీ సేన ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇది చూపించి షరతులే దండగ అనేవారితో నేను ఏకీభవించను. ఉన్న షరతును వేళకు వాడలేదు, అదే అసలు తప్పు. పైగా నిషేధం తెచ్చిన కొత్త చట్టం, సాయం మళ్లీ ఇవ్వడానికి అడిగింది సైప్రస్‌లోని సైన్యం విషయంలో ఒప్పందం దిశగా ‘గణనీయమైన పురోగతి’ మాత్రమే, దాన్ని ధ్రువీకరించేది అధ్యక్షుడు. ఎంత సేన, ఏ ఊరు, ఎప్పటిలోగా అన్నది లేదు. వరోషాను దాని వాసులకు తిరిగి అప్పగించాలని పేరు పెట్టి రాసి ఉంటే, బేరానికి కనీసం ఒక పట్టు దొరికేది.