ఎత్తులో బండి ఆగిపోతోందా? ముందు బ్యాటరీ చూడండి

మీ ఎలక్ట్రిక్ సైకిల్‌కున్న 36 వోల్టుల 250 వాట్ల హబ్ మోటర్ (చక్రం మధ్యలో ఉండే మోటర్) ఎత్తు ఎక్కుతూ ఆగిపోతోందని, 500 వాట్లది కొనాలా అని అడిగారు. కొనకండి. నా అనుమానమంతా మీ బండిలో ఉన్న మూడు 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ సామర్థ్యం) లెడ్ యాసిడ్ బ్యాటరీల మీదే. ఆ 7 అనేది 20 గంటల పాటు నిదానంగా వాడితే వచ్చే లెక్క. ఎత్తులో కంట్రోలర్ (బ్యాటరీ నుంచి మోటర్‌కి కరెంటు అందించే పెట్టె) 15 ఆంపియర్లు లాగితే అందులో సగం రావడమే గగనం. వోల్టేజీ 31 దగ్గరికి పడగానే కంట్రోలర్ కట్ చేసేస్తుంది. కాసేపు ఆగితే మళ్లీ కదులుతుంది, అవునా? బ్యాటరీకి కలిపిన మల్టీమీటర్ హ్యాండిల్‌కి కట్టుకుని ఒకసారి ఎక్కండి, ఆగేటప్పుడు వోల్టేజీ ఎంతకు పడిందో చూస్తే లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది.

36 వోల్టుల 10 ఏహెచ్ లిథియం ప్యాక్ తీసుకోండి. దాని బీఎంఎస్ (ప్యాక్‌ని కాపాడే సర్క్యూట్) ఆగకుండా 20 ఆంపియర్లు ఇవ్వగలగాలి, కొద్ది క్షణాలే ఇచ్చే పీక్ అంకె చూసి మురిసిపోవద్దు. పది సెల్స్ వరుస అయితే 42 వోల్టుల లిథియం చార్జరే వాడాలి. పాత లెడ్ యాసిడ్ చార్జర్ మాత్రం దయచేసి పెట్టకండి, ప్యాక్ అంటుకోవచ్చు.

మోటర్ గేర్లు లేని రకమైతే ఎత్తులో నెమ్మదిగా పోతూ బాగా వేడెక్కుతుంది. అప్పుడు అదే వాట్లలో గేర్డ్ హబ్‌కి (లోపల గేర్లున్న హబ్ మోటర్‌కి) మారండి. 500 వాట్లకు పోతే రిజిస్ట్రేషన్, లైసెన్సు టెన్షన్ కూడా నెత్తిన పడుతుంది.