టెక్ సందేహాలు: భుజం నొప్పికి అప్‌డేట్ మందు కాదు

ప్రశ్న: నా లాంగ్‌ఆర్మ్ క్విల్టింగ్ మెషిన్ (పట్టాల మీద చేత్తో నడుపుతూ బొంతలు కుట్టేది) 12 అడుగుల ఫ్రేము మీద ఉంది. గంటసేపు కుట్టేసరికి మెడా భుజాలూ పట్టేస్తుంటే ఫ్రేము కాళ్లను రెండంగుళాలు పెంచాను. నొప్పి కొంత తగ్గింది. కానీ ఇప్పుడు చేయి వదిలితే మెషిన్ దానంతటదే ఎడమకు జారుతోంది, కుట్లు అక్కడక్కడ పొడుగ్గా పడుతున్నాయి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే సరిపోతుందంటూ చాట్ గ్రూపులో ఒకరు ఫైలు పంపారు. పెన్‌డ్రైవ్ ద్వారా దాన్ని మెషిన్ ట్యాబ్లెట్‌లోకి ఎక్కించవచ్చా?

జవాబు: ఎక్కించవద్దు. ఎందుకో కింద చెబుతాను. ఫ్రేము ఎత్తు మార్చిన మర్నాడే సాఫ్ట్‌వేర్‌ను అనుమానించే ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి. కాళ్లు తిప్పింది మనమే అయినా నింద మాత్రం ప్రోగ్రాము మీద పడుతుంది.

ఎత్తు పెంచడం తప్పు కాదు. రోజూ కుట్టేటప్పుడు వేసుకునే చెప్పులతోనే మెషిన్ ముందు నిలబడి, భుజాలను వదులుగా ఉంచి, మోచేతులను దాదాపు 90 డిగ్రీలకు వంచినప్పుడు అరచేతులు ఎక్కడికి వస్తాయో హ్యాండిళ్లు అక్కడ ఉండాలి. హ్యాండిళ్ల వాలును మార్చుకునే ఏర్పాటు ఉంటే ముందు దాన్ని ప్రయత్నించి, అది చాలనప్పుడే కాళ్ల జోలికి వెళ్లడం మంచిది. వెనక వైపు నిలబడి లేజర్ చుక్కను కాగితం మీది డిజైన్ వెంట నడిపేవారు తల బాగా వంచవలసి వస్తుంది కాబట్టి, ముందు వైపు నప్పిన ఎత్తు వారికి నప్పకపోవచ్చు. మీరు ఎక్కువ గంటలు ఎటు నిలబడతారో ఆ వైపు కొలతనే లెక్కలోకి తీసుకోండి.

మెషిన్ జారుతోందంటే పట్టాలు మట్టంగా లేవని అర్థం. అన్ని కాళ్లనూ సమానంగా తిప్పినంత మాత్రాన ఫ్రేము మట్టానికి రాదు, ఎందుకంటే నేల ఎక్కడా పూర్తిగా సమంగా ఉండదు. రసమట్టాన్ని పట్టాల పొడవునా రెండు చివర్లలోనూ నడిమధ్యలోనూ పెట్టి చూడండి. పొడవైన ఫ్రేముల్లో మధ్యభాగం కొద్దిగా కుంగే అవకాశం ఉంది కనుక నడిమధ్యను వదిలేయకూడదు. ఆ తరువాత ముందు నుంచి వెనక్కి కూడా సరిచూడాలి. కాళ్లు తిప్పే ముందు కరెంటు ఆపి, మెషిన్ కదలకుండా బిగించి, పక్కన మరొకరి సాయం తీసుకోండి. కార్పెట్ మీద నిలిపిన ఫ్రేము బరువుకు మెల్లగా దిగుతుంది కాబట్టి కొన్నాళ్లకు మళ్లీ చూడవలసి ఉంటుంది.

ఇక కుట్ల సంగతి. క్యారేజీకి, అంటే మెషిన్‌ను పట్టాల మీద మోసే బండికి, ఉండే ఎన్‌కోడర్ చక్రాలు మెషిన్ ఎంత దూరం కదిలిందో లెక్కించి చెబితే, ఆ లెక్క ప్రకారం సూది వేగం మారుతుంది. చక్రం పట్టాను సరిగా ఆనకపోయినా, దాని ఇరుసుకు దారపు పోగులు చుట్టుకున్నా కదలిక తక్కువగా నమోదవుతుంది, సూది నెమ్మదిస్తుంది, కుట్టు పొడుగవుతుంది. పట్టాలనూ చక్రాలనూ పొడిగుడ్డతో తుడిచి, చక్రం పట్టా మీద గట్టిగా ఆనుతోందో లేదో చూడండి.

భుజం నొప్పికి మరో కారణం కుట్టిన భాగాన్ని చుట్టుకునే రోలర్. బొంత చుట్టుకునే కొద్దీ ఆ చుట్ట లావెక్కి గుడ్డ ఎత్తు మారుతుంది. రోలర్ మరీ కిందికి ఉంటే బొంత మెషిన్ మీద రాసుకుని, ఆ బరువంతా మీ చేతులే లాగవలసి వస్తుంది. మరీ పైకి ఉంటే కుట్లు తప్పిపోతాయి. బొంతకూ మెషిన్‌కూ మధ్య వేలు దూరేటంత సందు ఉంటే చాలు. గుడ్డను డోలు చర్మంలా బిగించడం కూడా పొరపాటే. అడుగు నుంచి వేలితో నొక్కినప్పుడు పై పొర మీద ఆ వేలి ఆకారం తెలియాలి.

ఇప్పుడు ఆ ఫైలు విషయం. ఈ మెషిన్ల వెంట వచ్చే ట్యాబ్లెట్లలో చాలావాటి ఆపరేటింగ్ సిస్టమ్‌కు భద్రతా సవరణలు అందడం ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. మారిస్తే కుట్టు ప్రోగ్రాము పనిచేయదేమోనని అమ్మినవారే వద్దంటారు. ఆ మాటలో న్యాయం ఉంది, కానీ అదే ట్యాబ్లెట్‌లో ఈమెయిలూ చెల్లింపులూ చూసుకునేవారిని ఎవరు వారిస్తున్నారు? ఎవరో పంపిన అప్‌డేట్ నిజమైనదో కాదో చెప్పగలిగినవారు మెషిన్ తయారీదారు ఒక్కరే. దాన్ని వారి సైటు నుంచే తెచ్చుకోవాలి. ఉచిత డిజైన్ల పేరిట దొరికే జిప్ ఫైళ్లూ అంతే. డిజైన్ అనేది గీతల సమాచారం, ప్రోగ్రాము కాదు. ఇన్‌స్టాల్ చేయమని అడిగిన క్షణంలోనే దాన్ని తీసిపారేయండి. అన్నిటికన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది, మరమ్మతు కోసం ఒకనాడు దూరం నుంచి ట్యాబ్లెట్‌లోకి ప్రవేశం ఇచ్చి, పని అయ్యాక ఆ యాప్‌నూ దాని తేలిక పాస్‌వర్డ్‌నూ అలాగే వదిలేయడం. అది ఇంటి నెట్‌వర్క్‌లోకి తెరిచి ఉంచిన దొడ్డిగుమ్మం. ఆ యాప్‌ను వెంటనే తొలగించి, ట్యాబ్లెట్‌ను అతిథి వైఫైకి మార్చి, కుట్టేటప్పుడు వైఫై ఆపేయండి. డిజైన్లకు విడిగా ఒక పెన్‌డ్రైవ్ కేటాయించండి. నిజమైన అప్‌డేట్ అయినా సగం కుట్టిన బొంత ఫ్రేము మీద ఉండగా వేయకండి. డిజైన్లకూ సెట్టింగులకూ ముందుగా నకలు తీసి పెట్టుకోండి.

తెరను ఏటేటా పెద్దది చేసే తయారీదారులు, కాళ్ల బోల్టును మాత్రం నేల మీద పడుకుంటే తప్ప స్పానర్ అందని చోటే ఉంచుతున్నారు. ఎత్తు మార్చడం అంత కష్టమైతే, నొప్పి భరిస్తూనే కుట్టేవారు ఎక్కువవడంలో ఆశ్చర్యం లేదు.

మట్టం సరిచేశాక పాతగుడ్డ మీద ఒక అడ్డగీత, ఒక నిలువుగీత కుట్టి చూడండి. రెండు దిశలకూ వేర్వేరు ఎన్‌కోడర్లు ఉంటాయి కాబట్టి, కుట్లు ఇంకా తేడాగా పడితే ఏ గీతలో పడ్డాయో రాయండి. ఏ చక్రాన్ని విప్పి చూడాలో అప్పుడు చెప్పగలను.