పిల్లల మధ్య ఎడం తక్కువైతే చదువు దెబ్బతింటుందా? మా ఇంట్లో జరిగింది ఇదీ

బాబుకి ఏడాది నిండకముందే మళ్లీ నెల తప్పింది, ఇద్దరి చదువూ పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది అని రాశారు కదా. నాకు ముగ్గురు. మొదటి ఇద్దరికీ 17 నెలలే తేడా, రెండోవాడి తర్వాత పాపకి మాత్రం అయిదేళ్ల ఎడం. రెండు రకాలూ చూశాను కాబట్టి చెప్తున్నా.

అందరూ పుట్టబోయే బిడ్డ గురించే కంగారు పడతారు గానీ మా ఇంట్లో నష్టపోయింది పెద్దాడు. అప్పుడప్పుడే మాటలొస్తున్నాయి వాడికి, పుస్తకంలో బొమ్మ మీద వేలు పెట్టి ఇదేంటి ఇదేంటి అని నా వెంటపడేవాడు, నేనేమో చంకలో చిన్నాణ్ణి వేసుకుని, నిద్ర చాలక తూగుతూ "తర్వాత చెప్తాలే నాన్నా" అనేదాన్ని. ఆ తర్వాత అనేది రాలేదు. బళ్లో వేశాక చదవడం దగ్గర తడబడ్డాడు. పైగా తమ్ముడు ఒక్క క్లాసే వెనక, టీచర్లు కూడా ఇద్దర్నీ పోల్చేవాళ్లు, అది ఇంకా చేటు చేసింది (ఇంట్లో మేమూ పోల్చాం, దాచడమెందుకు).

పాప పుట్టేసరికి ఇద్దరూ బడికి వెళ్తున్నారు, పగలంతా దానితోనే ఉన్నా. దానికి ఊహ తెలిశాక పెద్దాడే కథలు చదివి వినిపించేవాడు. చిత్రం ఏంటంటే వాడి చదువు కూడా అలాగే గాడిన పడింది.

ఇది నా ఒక్కదాని కథే అనుకున్నా గానీ 2012లో బకల్స్, మ్యూనిచ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికా పిల్లల మీద రాసిన పరిశోధనలోనూ ఇలాంటిదే తేలింది. ఎడం ఏడాది పెరిగితే పెద్దబిడ్డ పరీక్ష స్కోర్లు మెరుగయ్యాయి, చిన్నబిడ్డ స్కోర్లలో మాత్రం దానివల్ల తేడా రాలేదు. అలాగని బెంబేలెత్తకండి, స్వీడన్‌లో ఒకే ఇంటి పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చి చూసి 2017లో వేసిన పరిశోధన పత్రంలో, పెద్దయ్యాక వాళ్ల చదువులో ఎడం వల్ల వచ్చిన తేడా దాదాపు ఏమీ కనిపించలేదు.

కాన్పు తర్వాత మళ్లీ గర్భానికి కనీసం 24 నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది తల్లీబిడ్డల ఆరోగ్యం కోసం, చదువు కోసం కాదు. మీ ఒంటి సంగతి డాక్టర్‌తో మాట్లాడండి.

ఫీజులంటారా, అవి మాత్రం రెండూ ఒకేసారి మీద పడతాయి, ఇప్పట్నుంచే కొంచెం పక్కన పెట్టుకోండి.

ఇక రోజూ ఓ ఇరవై నిమిషాలు పసిబిడ్డని మీ ఆయనకో, ఇంట్లో ఇంకెవరికైనానో అప్పజెప్పి బాబుని ఒళ్లో కూర్చోబెట్టుకోండి, చదివి వినిపించండి, వాడు అడిగే ప్రతిదానికీ జవాబు చెప్పండి. నేనిది మొదలుపెట్టేసరికి మావాడికి ఆరేళ్లొచ్చాయి. మీవాడికింకా ఏడాదైనా నిండలేదు.