రెండు పొరలు కలిశాయని రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

కృత్రిమ కణపొరల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. విషయం మీద నీకున్న ప్రేమ ప్రతి పేరాలోనూ కనిపిస్తోంది. అయితే, లైపోజోములు, అంటే లిపిడ్ (కొవ్వు జాతి) అణువుల పొరతో చేసిన అతి చిన్న కృత్రిమ సంచుల గురించి ‘రెండు లైపోజోములు దగ్గరకు వచ్చి కలిసిపోయాయి’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అసలు కథంతా అక్కడే ఉంది.

ఆ పొరలు అంత తేలిగ్గా కలవవు. పొర మందం 4-5 నానోమీటర్లు. అందులో లిపిడ్ అణువులు రెండు వరుసలుగా, తలలు నీటి వైపు, తోకలు లోపలికి పెట్టుకుని ఉంటాయి. రెండు పొరలను దగ్గరకు నెట్టేకొద్దీ తలలను అంటుకున్న నీరు అడ్డుపడుతుంది. దాన్ని తొలగించడానికి శక్తి కావాలి. ఈ ప్రతిఘటన ముందు తెలిస్తేనే పాఠకుడికి కలయిక విలువ తెలుస్తుంది.

ఆ తర్వాత కాస్త నిదానించు. మొదట బయటి వరుసలు కలుస్తాయి, లోపలి వరుసలు విడిగానే ఉంటాయి. ఈ సగం కలయికను హెమీఫ్యూజన్ అంటారు. చాలాసార్లు ప్రక్రియ అక్కడే ఆగిపోతుంది కూడా. మరి పూర్తిగా కలిసిందని ఎలా తెలుస్తుంది? ఒక లైపోజోము పొరలో రెండు రకాల ఫ్లోరోసెంట్ రంగులు దగ్గరదగ్గరగా ఉంచుతారు. మొదటి రంగు తన శక్తిని రెండోదానికి ఇచ్చేస్తూ మసకగా ఉంటుంది. రంగులేని పొరతో కలిస్తే రెండూ ఎడమై, మొదటిది వెలుగుతుంది. కానీ బయటి వరుసలు మాత్రమే కలిసినా ఆ వెలుగు వస్తుంది! అందుకే డైథయోనైట్ అనే రసాయనంతో బయటి వరుసలోని రంగును ముందే ఆర్పేసి, లోపలి వరుస సంగతి విడిగా చూస్తారు. లోపలి ద్రవాలు కలిశాయా, బయటికి కారిపోయాయా అన్నదానికి మళ్లీ వేరే పరీక్షలు. ఈ అనుమానాల వరుసను నీ పాఠకుడి చేత నడిపించు. నాకైతే ఈ రంగంలో అన్నింటికన్నా అందమైన భాగం ఇదే.

1998లో జీవశాస్త్రవేత్త జేమ్స్ రాత్‌మన్ బృందం నాడీకణాల్లో ఉండే స్నేర్ అనే ప్రోటీన్లను లైపోజోముల్లో అమర్చి, అవి పొరలను కలపగలవని చూపింది. రాత్‌మన్‌కు 2013లో మరో ఇద్దరితో కలిపి వచ్చిన నోబెల్ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి దాటెయ్యి. నాడీకణంలో కాల్షియం అందాక మిల్లీసెకను లోపే జరిగే పొరల కలయికకు ఆ ప్రయోగంలో పదుల నిమిషాలు పట్టింది; దాని మీద రాయి. ఆ తేడాను దాచకు. పరిశోధకులు కృత్రిమ పొరలో ఏమేం వేశారో వాళ్లకు తెలుసు కాబట్టే, ఇంకా ఏం లోపించిందో వెతకగలిగారు. కాల్షియాన్ని పసిగట్టే సైనాప్టోటాగ్మిన్ లాంటి ప్రోటీన్లను ఒక్కొక్కటిగా చేర్చి చూశారు.

మూడో పేరా నుంచి తిరగరాసి పంపు. ఏ వరుసలోని రంగు వెలిగిందో ప్రతిచోటా స్పష్టంగా ఉండాలి.

నీ మేలు కోరే
పెద్దవాడు