నిరోధం సున్నా అయితే సూపర్‌కండక్టర్ అనేయొచ్చు కదా, మళ్లీ అయస్కాంత కొలతలు ఎందుకు?

అనకూడదు. ముక్కలో ఒక చివరి నుంచి ఇంకో చివరికి సన్నని సూపర్‌కండక్టర్ దారి దొరికితే చాలు, కరెంటు దాన్నే పట్టుకుని పోతుంది, మీటరు సున్నా చూపిస్తుంది. మిగతా ముక్కంతా మామూలు పదార్థమే అయి ఉండొచ్చు. అయస్కాంత ఫీల్డ్‌లో ఉంచి చల్లబరిచినప్పుడు ఆ ఫీల్డ్‌ను బయటికి నెట్టేయాలంటే (1933లో మైస్నర్, ఆక్సెన్‌ఫెల్డ్ చూసింది ఇదే) చెప్పుకోదగ్గ భాగం నిజంగా సూపర్‌కండక్టర్‌గా మారాలి.

అలాగని అయస్కాంత కొలతను గుడ్డిగా నమ్మకండి. నన్నది వారం రోజులు మబ్బుల్లో తిప్పింది.

పీహెచ్‌డీ రెండో ఏడు. ఇనుము, ఆర్సెనిక్ ఉన్న శాంపిల్. 2008లో జపాన్‌లో హొసోనో బృందం 26 కెల్విన్ దగ్గరే సూపర్‌కండక్టర్ అవుతుందని చూపి ఊపు తెచ్చిన కుటుంబం లెండి. స్క్విడ్ మాగ్నెటోమీటర్‌లో (అతి చిన్న అయస్కాంతత్వాన్ని కూడా కొలిచే మెషీన్) నాకెప్పుడూ రాత్రి స్లాటే, పగలంతా సీనియర్లది. ఫీల్డ్ లేకుండా చల్లబరిచి, 5 ఓర్‌స్టెడ్ (ఫీల్డ్ కొలిచే యూనిట్) పెట్టి, వేడి చేస్తూ కొలిచాను. సూపర్‌కండక్టర్ ఫీల్డ్‌ను నెట్టేస్తుంది కాబట్టి అయస్కాంతత్వం గీత సున్నా కిందికి దిగాలి, నాది పైకి లేచింది! పారామాగ్నెటిక్ మైస్నర్ ఎఫెక్ట్ (ఫీల్డ్‌ను నెట్టేయాల్సిన ముక్క లోపలికి లాక్కున్నట్టు కనిపించే వింత) దొరికిందని నిద్ర మానేసి పేపర్ మొదలుపెట్టేశాను. నిజానికి ఆ ఎఫెక్ట్ కనిపించేది ఫీల్డ్‌లో చల్లబరిచినప్పుడు. నాది ఫీల్డ్ లేకుండా చల్లబరిస్తే వచ్చింది. అనుమానం అక్కడే రావాలి. రాలేదు.

మెషీన్ చూసుకునే పెద్దాయన గ్రాఫ్ చూసి, "సీసం ముక్క పెట్టి చూడు బాబూ" అన్నారు, అంతే. సీసం 7.2 కెల్విన్ దగ్గర మారుతుంది, అందులో వింతలేమీ లేవు. పెడితే అదీ పైకే లేచింది.

నాకు ముందు వాడినవాళ్లు 7 టెస్లా (అంటే 70,000 ఓర్‌స్టెడ్) దాకా వెళ్లి సున్నాకు తెచ్చి వదిలేశారు. మ్యాగ్నెట్ కాయిల్ కూడా సూపర్‌కండక్టరే కదా, అందులో ఫ్లక్స్ కొంత చిక్కుకుపోతుంది. దాంతో శాంపిల్ దగ్గర వ్యతిరేక దిశలో ఫీల్డ్ మిగిలిపోతుంది. దాని ముందు నా 5 ఓర్‌స్టెడ్ ఏ మూలకి? స్క్రీన్ మీద ప్లస్, లోపల మైనస్, అందుకే గీత తలకిందులైంది. మరి లాగ్‌బుక్‌లో "చివరి ఫీల్డ్" అనే గడి ఉన్నది దేనికి? ఎవరూ నింపరు. ఇలాంటి "ఆవిష్కరణల్లో" సగం ఆ ఖాళీ గడిలోంచి పుట్టినవేనని నా గట్టి అనుమానం.

పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. స్ట్రాన్షియం రుథెనేట్ అనే పదార్థం 1 కెల్విన్‌కు కాస్త కింద సూపర్‌కండక్టర్ అవుతుందని 1994లో తెలిసింది. 1998 ఎన్ఎంఆర్ కొలతల్లో (రేడియో పల్సులతో పరమాణు కేంద్రకాలను పలికించి చూసే పద్ధతి) నైట్ షిఫ్ట్ (Knight shift; ఎలక్ట్రాన్ల స్పిన్ వల్ల ఆ సిగ్నల్ ఎంత జరిగిందో చెప్పే లెక్క, రాత్రి డ్యూటీ కాదు) కదల్లేదు కాబట్టి ఎలక్ట్రాన్ జంటలు ట్రిప్లెట్, అంటే మామూలుగా ఎదురెదురుగా ఉండే స్పిన్లు ఒకే వైపు ఉన్న జంటలు, అన్నారు, ఇరవై ఏళ్లు అదే మాట నడిచింది. 2019లో పల్స్ శక్తి బాగా తగ్గించి కొలిస్తే షిఫ్ట్ పడిపోయింది. పాత కొలతల్లో పల్సులే శాంపిల్‌ను వేడెక్కించాయట! ఎల్‌కే-99 (2023లో గది వేడిలోనే సూపర్‌కండక్టర్ అని ప్రచారమైన పదార్థం) వీడియోల సంగతి నన్ను అడక్కండి, ఒక అంచు కిందే ఆనించి సగం లేచిన ముక్కను తేలింది అంటే ఎలా?

ఇంతకీ నా శాంపిల్. మ్యాగ్నెట్ రీసెట్ చేసి మళ్లీ కొలిస్తే గీత బుద్ధిగా కిందికి దిగింది. కాకపోతే ఎంత దిగిందని? లెక్క వేస్తే ముక్కలో పదో వంతు కూడా సూపర్‌కండక్టర్ కాదు. అదే ముక్కకు నిరోధం అంతకు నెల ముందే సున్నా వచ్చింది.